డ్యూటీలో దగ్గు, సెలవు రోజు నెమ్మది: జంతువుల గదుల్లో పనిచేసే మనవాళ్ళకు ఒక పాఠం

పని చోట ప్రమాదం అనగానే మనకు స్కఫోల్డింగ్ మీద నుంచి పడిపోవడం, ఎండదెబ్బ, కరెంటు షాక్ గుర్తొస్తాయి. ఇవి కంటికి కనిపించే ప్రమాదాలు. రక్తం వస్తుంది, నలుగురూ చూస్తారు, అంబులెన్స్ వస్తుంది, రిపోర్టు రాస్తారు. కానీ కొన్ని ప్రమాదాలు గాలిలో ఉంటాయి. ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి పోయి నెలల తరబడి లోపల పనిచేస్తాయి. వాటికి సాక్షులు ఉండరు, రిపోర్టు రాసేవాళ్ళూ ఉండరు. "చలికాలం కదా, ఏసీ కదా, దుమ్ము కదా" అనుకుంటూ మనమే సర్దుకుపోతాం. ఈ నెల పాఠం అలాంటి ఒక ప్రమాదం గురించి: జంతువుల నుంచి గాలిలోకి వచ్చే ఎలర్జీ, దానివల్ల వచ్చే ఆస్తమా.

ఈ పాఠం ఎవరికి?

"మేం ఎక్కడ, ల్యాబులు ఎక్కడ?" అని కొందరు అనుకోవచ్చు. నిజానికి యూనివర్సిటీల్లో, పరిశోధన కేంద్రాల్లో మందుల పరీక్షల కోసం చిట్టెలుకల్ని, ఎలుకల్ని, కుందేళ్ళని, గినీ పిగ్‌లని పెంచే గదులు ఉంటాయి. అక్కడ తెల్లకోటు వేసుకుని పనిచేసేది శాస్త్రవేత్తలే. కానీ బోనులు కడిగేది, కింద పరిచిన పొట్టు ఎత్తిపోసేది, నేల తుడిచేది, చెత్త సంచులు మోసేది మాత్రం చాలాచోట్ల క్లీనింగ్ కంపెనీ పంపిన మనుషులే. ఈరోజు ఆఫీసు టవర్, రేపు ఆసుపత్రి, ఎల్లుండి ల్యాబు. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తాం. లోపల ఏముందో ఎవరూ చెప్పరు.

మన నిర్మాణ కార్మికులు కూడా దీనికి దూరం కాదు. అలాంటి భవనంలో ఏసీ డక్టులు విప్పాలన్నా, పాత ఫిల్టర్లు మార్చాలన్నా, ఫాల్స్ సీలింగ్ పీకాలన్నా పిలిచేది మెయింటెనెన్స్ వాళ్ళనే. ఏళ్ళ తరబడి ఆ గది గాలి పీల్చిన ఫిల్టర్‌లో ఏముంటుందో ఆలోచించండి.

ఇక గుర్రపు శాలల్లో, పెట్ షాపుల్లో, పశువుల ఆసుపత్రుల్లో పనిచేసే అన్నదమ్ములకు, పిల్లులున్న ఇళ్ళలో పనిచేసే అక్కాచెల్లెళ్ళకు కూడా ఈ పాఠంలో సగానికి పైగా వర్తిస్తుంది.

ప్రమాదం బొచ్చులో కాదు, మూత్రంలో ఉంది

ఎలర్జీ అంటే జంతువు బొచ్చు వల్ల వస్తుందని చాలామంది నమ్మకం. ఎలుకల విషయంలో అసలు దొంగ వాటి మూత్రం. ఎలుకల మూత్రంలో ఒక రకం ప్రోటీన్ సహజంగానే ఎక్కువగా పోతుంది. మగ ఎలుకల్లో ఇంకా ఎక్కువ. మూత్రం బోనులోని రంపపు పొట్టు మీద పడి ఆరిపోతుంది. ఎలుకలు అటూ ఇటూ తిరిగినప్పుడు, మనం బోను కదిపినప్పుడు ఆ పొడి గాలిలోకి లేస్తుంది. రేణువులు ఎంత సన్నగా ఉంటాయంటే కొన్ని గంటల తరబడి గాలిలోనే తేలుతుంటాయి. గది చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. వాసన కూడా పెద్దగా లేకపోవచ్చు. వాసన లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు.

మూత్రంతో పాటు ఉమ్మి, చర్మం మీద రాలే పొట్టు కూడా ఎలర్జీ తెప్పిస్తాయి. పిల్లి తన ఒళ్ళంతా నాకుతుంది కదా, దాని ఉమ్మిలో, చర్మపు నూనెలో ఉండే ప్రోటీన్ బొచ్చుకు అంటుకుని ఇల్లంతా తిరుగుతుంది. సోఫాలకు, తివాచీలకు, బట్టలకు పట్టుకుంటుంది.

ఒక ల్యాబులో ఎవరికి ఎక్కువ ముప్పు? శాస్త్రవేత్త రోజుకు కొన్ని బోనులు తెరుస్తాడు. క్లీనింగ్ చేసే మనిషి ఒక షిఫ్టులో వందల బోనుల్లోని మురికి పొట్టును డ్రమ్ములోకి దులుపుతాడు. అలా దులిపే పనిలోనే గాలిలోకి అన్నిటికంటే ఎక్కువ పొడి లేస్తుంది. అంటే తక్కువ జీతం ఉన్న మనిషి ఎక్కువ విషయం పీలుస్తాడు. ఈ సంగతి కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1998లోనే జంతువులతో పనిచేసేవారి ఆస్తమా మీద ప్రత్యేక హెచ్చరిక ప్రచురించింది. ఇలాంటి పనివారిలో సుమారు 33 శాతం మందికి ఎలర్జీ లక్షణాలు, 10 శాతం మందికి ఆస్తమా లక్షణాలు ఉన్నాయని అందులో చెప్పింది. ముగ్గురిలో ఒకరు అన్నమాట. బ్రిటన్‌లో ల్యాబు జంతువుల వల్ల వచ్చే ఆస్తమాను 1982 నుంచే పని వల్ల వచ్చే జబ్బుగా ప్రభుత్వం గుర్తిస్తోంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తి జబ్బుల జాబితాలో కూడా పనిచోటి పదార్థాల వల్ల వచ్చే ఆస్తమా ఉంది.

లోపల ఏం జరుగుతుంది?

మొదటి రోజే ఎవరికీ ఏమీ కాదు. అదే దీనిలో మోసం. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ ప్రోటీన్‌ను మెల్లగా శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. దానికి వారాలు, నెలలు పడుతుంది. ఎక్కువమందికి పనిలో చేరిన మొదటి మూడేళ్ళలోపే లక్షణాలు బయటపడతాయి.

సాధారణంగా వరస ఇలా ఉంటుంది:

1. ముందు ముక్కు, కళ్ళు. వరసగా తుమ్ములు, ముక్కు నీళ్ళలా కారడం, కళ్ళు ఎర్రబడి దురద.

2. చర్మం. ఎలుక గోరు గీరినచోట, మూత్రం పడినచోట దద్దుర్లు, ఉబ్బు.

3. ఆ తర్వాత ఛాతీ. పొడి దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండడం, మెట్లు ఎక్కితే ఆయాసం, ఊపిరిలో పిల్లికూతలు.

మూడో మెట్టు ఆస్తమా. అందరూ అక్కడిదాకా వెళ్ళరు. కానీ మొదటి మెట్టులో ఉన్నవాళ్ళకు మూడో మెట్టు దగ్గర. అందుకే తుమ్ముల్ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్తున్నాం.

ఇంకో విషయం బాగా గుర్తుపెట్టుకోండి. కొందరికి గదిలో ఉన్నప్పుడు ఏమీ తెలియదు. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత, అంటే క్యాంపుకి వచ్చి అన్నం తిని పడుకున్నాక, దగ్గు, ఆయాసం మొదలవుతాయి. "డ్యూటీలో బాగానే ఉన్నాను కదా, రూములో ఏసీ పడలేదు" అనుకుంటారు. జబ్బు డ్యూటీలోనే వచ్చింది, రూములో బయటపడింది, అంతే.

ఒకసారి ఒంటికి ఆ ఎలర్జీ పట్టిందంటే తర్వాత కొంచెం పొడి తగిలినా లక్షణాలు వస్తాయి. ఆస్తమా వచ్చాక కూడా అదే గదిలో పనిచేస్తూ పోతే ఊపిరితిత్తులకు శాశ్వతంగా నష్టం జరగవచ్చు. త్వరగా గుర్తుపట్టి ఆ గాలికి దూరం జరిగితే చాలామందికి బాగా తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య తేడా కొన్ని నెలలే.

ఒక తమ్ముడి సంగతి

మా దగ్గరికి వచ్చిన ఒక తమ్ముడిది జగిత్యాల వైపు. పేరు రాయొద్దన్నాడు. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా సగం ఉంది. క్లీనింగ్ కంపెనీ అతన్ని జంతువుల గదుల డ్యూటీకి వేసింది. అయిదో నెలలో తుమ్ములు, ఎనిమిదో నెలలో రాత్రిపూట దగ్గు. మూడుసార్లు క్లినిక్‌కి వెళ్ళాడు. మూడుసార్లూ జలుబు అని సిరప్, మాత్రలు ఇచ్చారు. డాక్టర్ తప్పు అనడానికి లేదు. "ఏం పని చేస్తావు?" అని అడిగితే మనవాడు "క్లీనర్" అన్నాడు. ఎలుకల గది క్లీనర్ అని అనలేదు. అది చెప్పాల్సిన విషయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

మేం అతనికి చెప్పింది ఒకటే: నాలుగు వారాలు రోజూ రాసుకో. రాసుకుంటే తేలింది ఏమిటంటే, డ్యూటీ ఉన్న రోజుల్లో రాత్రి నిద్ర లేదు. వారపు సెలవు రోజున కొంచెం నయం. ఈద్ సెలవులు వరసగా వచ్చిన రోజుల్లో దాదాపు దగ్గే లేదు. మళ్ళీ డ్యూటీకి వెళ్ళిన రెండో రోజుకే మొదలు. ఆ కాగితం చూసిన డాక్టర్ ఊపిరితిత్తుల స్పెషలిస్టుకు రాశాడు. పరీక్షల్లో ఎలుకల ఎలర్జీ తేలింది. కంపెనీ అతన్ని ఆఫీసు భవనానికి మార్చింది. ఓవర్‌టైమ్ పోయింది, ఆ బాధ ఉంది. కానీ రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు. వైద్య ఖర్చుల సంగతి ఇంకా తేలాల్సి ఉంది. అతని చేతిలో కాగితం ఉంది కాబట్టి కనీసం అడగగలుగుతున్నాడు.

ఊపిరి లెక్క ఎలా రాయాలి?

నేను చదివింది కామర్స్. మాకు మొదట నేర్పేది ఒకటే: రాయని ఖాతాకు బాకీ లేదు. దుకాణంలో అప్పు పెట్టినవాడు చిట్టా రాయకపోతే తర్వాత నోటిమాట ఎవరు వింటారు? జబ్బు విషయంలోనూ అంతే. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకోండి. ఫోనులో రాసినా సరే. రోజూ ఈ ఆరు విషయాలు రాయండి:

1. తేదీ, డ్యూటీనా సెలవా.

2. ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఏ భవనం, ఏ గది.

3. ఏం పని: బోనులు దులపడం, కడగడం, నేల తుడవడం, ఫిల్టర్ మార్చడం.

4. ఏ మాస్క్ ఇచ్చారు, ఇవ్వలేదా.

5. తుమ్ము, కళ్ళ దురద, దగ్గు, పిల్లికూతలు: ఏ టైముకి మొదలు, ఏ టైముకి తగ్గింది. రాత్రి నిద్ర లేచారా.

6. ఏ మందు వేసుకున్నారు.

సెలవు రోజున కూడా తప్పకుండా రాయండి. "ఈరోజు ఏమీ లేదు" అనే మాటే అన్నిటికంటే విలువైన సాక్ష్యం. డ్యూటీలో ఎక్కువ, సెలవులో తక్కువ అనే వరస కనబడితే అది పని వల్ల వచ్చిందనడానికి బలమైన గుర్తు.

డాక్టర్ పీక్ ఫ్లో మీటర్ ఇవ్వవచ్చు. చిన్న గొట్టం లాంటి పరికరం. గట్టిగా ఒక్కసారి ఊదితే అంకె చూపిస్తుంది. మూడుసార్లు ఊది, వాటిలో పెద్ద అంకె రాసుకోవాలి. రోజుకు కనీసం నాలుగుసార్లు, నాలుగు వారాల పాటు, డ్యూటీ రోజులు, సెలవు రోజులు రెండూ వచ్చేలా రాస్తే డాక్టర్‌కు చాలా ఉపయోగం. దీనితో పాటు చర్మం మీద గుచ్చి చూసే పరీక్ష, రక్తంలో ఐజీఈ పరీక్ష, స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష ఉంటాయి.

డాక్టర్ దగ్గర ఇంగ్లిషులో ఈ మాట చెప్పడం నేర్చుకోండి: "డాక్టర్, ఐ క్లీన్ యానిమల్ కేజెస్. మై బ్రీతింగ్ ఈజ్ బ్యాడ్ ఆన్ వర్క్ డేస్, బెటర్ ఆన్ హాలిడేస్." ఈ రెండు వాక్యాలు చెప్తే చాలు, వైద్యం వేరే దారిలో నడుస్తుంది. ఇచ్చిన ప్రతి చీటీ, ప్రతి రిపోర్టు ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకు వాట్సాప్‌లో పంపి ఉంచండి. క్యాంపు మారినా, ఫోన్ పోయినా కాగితం బతికి ఉంటుంది.

కంపెనీ చేయాల్సినవి

మాస్క్ ఇచ్చేస్తే పని అయిపోయిందని కొందరు సూపర్‌వైజర్లు అనుకుంటారు. మాస్క్ చివరి మెట్టు. ముందు పొడి గాలిలోకి లేవకుండా చేయాలి. మంచి సంస్థలు ఇలా చేస్తాయి:

• మూతకు ఫిల్టర్ ఉన్న బోనులు, లేదా ప్రతి బోనుకూ విడిగా గాలి వచ్చిపోయే బోనులు వాడతాయి.

• మురికి పొట్టు దులపడానికి, పొడిని లోపలికి లాగేసే ప్రత్యేకమైన బల్ల పెడతాయి. ఖాళీ డ్రమ్ములోకి ఊరికే దులపనివ్వవు.

• పొడి రేగే రంపపు పొట్టు బదులు తక్కువ పొడి ఉండే కాగితపు పొట్టు లాంటివి వాడతాయి.

• చీపురు, ఎయిర్ గన్ వాడనివ్వవు. తడి మాప్, లేదా హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ వాడతాయి.

• పనిలో చేరకముందు ఒకసారి, తర్వాత క్రమం తప్పకుండా ఊపిరి పరీక్ష చేయిస్తాయి.

• డ్యూటీ బట్టలు అక్కడే విప్పి, అక్కడే ఉతికే ఏర్పాటు చేస్తాయి.

ఇవి అడగడం గొడవ కాదు. ఒక్కరే అడగడానికి భయమైతే అదే గదిలో పనిచేసే నలుగురూ కలిసి, మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ కూడా రాతే. తేదీ దానంతట అదే పడుతుంది.

మనం చేయాల్సినవి

నీలం రంగు సర్జికల్ మాస్క్ ఈ పొడిని ఆపదు. అంచుల్లోంచి గాలి లోపలికి వస్తుంది. ఎన్‌95 గానీ ఎఫ్‌ఎఫ్‌పీ2 గానీ, అంతకంటే మంచిది గానీ అడగండి. ముఖానికి అతుక్కుని ఉండాలి. గుబురు గడ్డం ఉంటే మాస్క్ అతుక్కోదు, సందుల్లోంచి పొడి వస్తుంది. అలాంటివారికి తలంతా కప్పి ఫ్యానుతో శుభ్రమైన గాలి పంపే హుడ్ ఉంటుంది, దాన్ని అడగండి.

గ్లోవ్స్, పొడవు చేతుల కవరాల్, తల టోపీ వేసుకోండి. చేతులతో ముఖం తుడుచుకోవద్దు. పని అయ్యాక చేతులు, ముఖం కడుక్కోండి. వీలైతే అక్కడే స్నానం చేసి బట్టలు మార్చుకుని రూముకి రండి. ఆరుగురు పడుకునే రూములోకి ఆ బట్టలతో వస్తే మీతో పాటు మిగతా అయిదుగురూ పీలుస్తారు.

ఇచ్చిన రక్షణ వస్తువులు వాడకుండా ఉండొద్దు. ఉక్కపోతగా ఉంటుంది, నిజమే. కానీ దీనికి చట్టంలో కూడా సంబంధం ఉంది. అది కింద చెప్తాం.

ఎలుక కరిచిన తర్వాత ముఖం, పెదాలు, నాలుక వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి ఊపిరి ఆడకపోయినా అది అత్యవసరం. అరుదుగానే అయినా ప్రాణం మీదికి వస్తుంది. సూపర్‌వైజర్ పర్మిషన్ కోసం ఆగొద్దు. యూఏఈలో అంబులెన్స్ నంబర్ 998.

చట్టం ఏం చెప్తోంది? ఒక చిన్న లెక్క

ఇక్కడ చెప్పేది యూఏఈ చట్టం. ఇతర గల్ఫ్ దేశాల్లో అంకెలు వేరుగా ఉంటాయి. యూఏఈలోనే డీఐఎఫ్‌సీ, ఏడీజీఎం ప్రాంతాలకు వేరే చట్టాలు ఉన్నాయి.

2021 నాటి 33వ నంబర్ కార్మిక చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. వృత్తి జబ్బుల నుంచి కార్మికుడిని కాపాడే ఏర్పాట్లు చేయడం యజమాని బాధ్యత అని అది చెప్తుంది. జబ్బు ఏ రకానిది అన్నదాన్నిబట్టి డబ్బు మారుతుంది. ఎలాగో చూద్దాం.

మామూలు జబ్బయితే: ప్రొబేషన్ అయ్యాక ఏడాదికి 90 రోజుల వరకు సిక్ లీవు. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, మిగతా 45 రోజులు జీతం లేదు. మూడు పనిదినాల లోపు కంపెనీకి తెలియజేయాలి.

పని వల్ల వచ్చిన జబ్బయితే: నయమయ్యేదాకా వైద్యం ఖర్చు యజమానిది. పనికి వెళ్ళలేని కాలానికి ఆరు నెలల వరకు పూర్తి జీతం, అప్పటికీ నయం కాకపోతే ఇంకో ఆరు నెలలు సగం జీతం. శాశ్వతంగా నష్టం జరిగితే వైద్య నివేదిక ప్రకారం పరిహారం వేరే.

ఇప్పుడు లెక్క వేద్దాం. నెలకు 1,200 దిర్హాముల జీతం అనుకోండి, అంటే రోజుకు 40. ఆస్తమాతో 90 రోజులు పనికి వెళ్ళలేకపోయారు. మామూలు జబ్బని రాస్తే 15 రోజులకు 600, తర్వాతి 30 రోజులకు ఇంకో 600, మొత్తం 1,200 దిర్హాములు. పని వల్ల వచ్చిన జబ్బని తేలితే 90 రోజులకు 3,600. తేడా 2,400 దిర్హాములు, అంటే రెండు నెలల జీతం. పైగా వైద్యం ఖర్చు. డాక్టర్ చీటీ మీద ఉండే ఒక్క మాట విలువ అది. ఆ మాట రాయించేది మీ నోటుపుస్తకమే.

ఇంకో సంగతి. అందరికీ కనిపించేలా గోడమీద పెట్టిన రక్షణ సూచనల్ని కార్మికుడు కావాలని ఉల్లంఘించినట్టు తేలితే పరిహారం రాకుండా పోవచ్చు. కారణం లేకుండా వైద్య పరీక్షకు వెళ్ళకపోయినా అంతే. కాబట్టి మాస్క్ ఇస్తే పెట్టుకోండి. ఇవ్వకపోతే ఇవ్వలేదని ఆరోజే రాసుకోండి.

జబ్బు పేరుతో రాజీనామా కాగితం మీద సంతకం పెట్టమంటే తొందరపడొద్దు. చదవలేని భాషలో ఉన్న ఏ కాగితం మీదా సంతకం వద్దు. భయపడి క్యాంపు వదిలి వెళ్ళిపోవద్దు. అబ్‌స్కాండింగ్ కేసు పడితే హక్కులన్నీ చిక్కుల్లో పడతాయి. ముందు కార్మిక మంత్రిత్వ శాఖను అడగండి: 600590000. మన ప్రభుత్వం దుబాయ్‌లో నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 800 46342. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు కూడా ఫిర్యాదు పెట్టవచ్చు.

ఇళ్ళలో పనిచేసే అక్కాచెల్లెళ్ళకు

పిల్లి మలమూత్రాల ఇసుక తట్ట మార్చేది, సోఫాలు దులిపేది, పిల్లికి స్నానం చేయించేది మీరే. పిల్లి దగ్గరికి వెళ్తే తుమ్ములు, కళ్ళ దురద, రాత్రి దగ్గు వస్తుంటే పైన చెప్పిన లెక్క మీరూ రాయండి. ఇసుక తట్ట మార్చేటప్పుడు మాస్క్, గ్లోవ్స్ వేసుకోండి. సోఫాల్ని చేత్తో దులపకుండా వాక్యూమ్‌తో లాగండి. పిల్లిని మీరు పడుకునే గదిలోకి రానివ్వవద్దని మేడమ్‌ను అడగండి. "పిల్లి అంటే ఇష్టం లేదు" అని కాకుండా "నాకు ఎలర్జీ, డాక్టర్ చెప్పారు" అని చెప్తే వినే అవకాశం ఎక్కువ.

ఇంటి పనివారికి 2022 నాటి 9వ నంబర్ చట్టం ప్రత్యేకంగా ఉంది. దాని ప్రకారం ఏడాదికి 30 రోజుల సిక్ లీవు, అందులో మొదటి 15 రోజులకు జీతం, తర్వాతి 15 రోజులకు జీతం లేదు. వారానికి ఒక రోజు సెలవు మీ హక్కు. 2025 జనవరి 1 నుంచి ఎమిరేట్లు అన్నిటిలోనూ యజమాని ఆరోగ్య బీమా చేయించాల్సిందే. ఆ ఖర్చు మీ జీతంలోంచి కోయకూడదు. బీమా కార్డు మీ దగ్గర ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

సైటులో పనిచేసే అన్నదమ్ములకు

ఎలుకలు, పిల్లులు లేకపోయినా ఇదే జబ్బు వేరే దారుల్లో వస్తుంది. రెండు డబ్బాలు కలిపి స్ప్రే చేసే కొన్ని పెయింట్లలో, ఇన్సులేషన్ ఫోమ్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఆస్తమా తెప్పించే వాటిలో అవి పేరుమోసినవి. కార్పెంటరీలో చెక్కపొడి, బేకరీలో పిండి కూడా ఆ జాబితాలోవే. పదార్థం మారినా గుర్తుపట్టే పద్ధతి ఒకటే: డ్యూటీలో ఎక్కువ, సెలవులో తక్కువ.

మీరే పరీక్షించుకోండి

కింది ప్రశ్నలకు అవును, కాదు అని జవాబు రాయండి. రూములో అందరూ కలిసి చదివితే ఇంకా మంచిది.

1. జంతువులు ఉన్నచోట, లేదా అలాంటి చోట డక్టులు, ఫిల్టర్ల దగ్గర పనిచేస్తున్నారా?

2. ఈ పనిలో చేరాకే తుమ్ములు, కళ్ళ దురద, దగ్గు మొదలయ్యాయా?

3. వారపు సెలవు రోజున, లేదా ఊరికి వెళ్ళినప్పుడు తగ్గుతుందా?

4. రాత్రి దగ్గుతో, పిల్లికూతలతో నిద్ర లేస్తున్నారా?

5. ఆ గదిలో మీతో పనిచేసే ఇంకెవరికైనా ఇలాగే ఉందా?

ఒకటో ప్రశ్నకు అవును అని, మిగతా వాటిలో రెండింటికైనా అవును అని వస్తే ఈ వారమే డాక్టర్‌ను కలవండి. ఇన్‌హేలర్ రాసిస్తే మానకుండా వాడండి. నలుగురిలో పీలిస్తే చిన్నతనం అనుకోవద్దు.

ఊరిలో మన మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు నెలనెలా డబ్బు కోసం చూస్తారు. ఆ డబ్బు పంపేది మన చేతులు, ఆ చేతుల్ని కదిలించేది మన ఊపిరి. కాంట్రాక్టు రెండేళ్ళది. ఊపిరి జీవితాంతం కావాలి. నోటుపుస్తకం ఒక దిర్హాముకే దొరుకుతుంది. ఈ రాత్రి పడుకునే ముందు మొదటి పేజీలో తేదీ రాయండి. పక్క మంచం మీద తమ్ముడు దగ్గుతుంటే అతనికి ఈ పేజీ చదివి వినిపించండి.